పదకొండు పుస్తకాలు, మూడు కేకులు

ప్రశ్న: నాకు బేకింగ్ పుస్తకాల పిచ్చి. అట్ట బాగుంటే చాలు, కొనేస్తాను. మొన్న లెక్కపెడితే పదకొండు తేలాయి. ఈ రెండేళ్లలో నేను చేసింది మాత్రం మూడంటే మూడు కేకులు. ఒకటి మధ్యలో గుంటపడింది, ఒకటి ఇటుకలా వచ్చింది. మూడోది బాగానే కుదిరింది గానీ దానికోసం ఆదివారమంతా వంటింట్లోనే గడిచిపోయింది, ఏడు గిన్నెలు కడగాల్సి వచ్చింది. నాకు మూడంతస్తుల కేకులు, అద్దంలా మెరిసే పూతలు అక్కర్లేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక పిల్లలతో కలిసి ఓవెన్‌లో పెట్టేసే కేకు, బిస్కెట్లు, కస్టర్డ్, పండ్లతో వేడివేడిగా చేసుకునే డెజర్ట్‌లు కావాలి. ఇంట్లో ఒకరు గుడ్డు తినరు. మా ఓవెన్ చిన్నది. మా వదిన "యూట్యూబ్ ఉండగా ఇంకా పుస్తకాలెందుకు?" అంటుంది. మావారేమో పన్నెండో పుస్తకం కొంటే ఇంట్లోకి రానివ్వనంటున్నారు. నాకు సరిపోయే పుస్తకాన్ని షాపులో నిలబడి గుర్తుపట్టడం ఎలా? కొన్ని పేర్లు కూడా చెప్పగలరా?

— ఒక పాఠకురాలు

జవాబు: పన్నెండోదాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పదకొండూ బల్ల మీద పరవండి. ఒక్కోదాన్ని మధ్యకు తెరిచి, కంటపడిన కేకు రెసిపీ ఒకటి చదవండి. అది మిమ్మల్ని వేరే పేజీలకు ఎన్నిసార్లు పంపుతోందో లెక్కపెట్టండి. "అడుగు పొరకు 48వ పేజీ, సిరప్‌కు 212, పై క్రీముకు 230 చూడండి" అని ఉందా? అయితే అది వృత్తిగా కేకులు చేసేవాళ్ల పద్ధతిలో రాసిన పుస్తకం. వాళ్ల వంటింట్లో సిరప్ ఒక డబ్బాలో, క్రీము ఒక డబ్బాలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. వాళ్లకు కేకంటే వాటిని జతచేయడమే. మన దగ్గర ఆ డబ్బాలు ఉండవు కాబట్టి ఒక్క కేకు కోసం నాలుగు వంటలు చేయాల్సి వస్తుంది. మీ ఆదివారం ఏమైపోయిందో, ఏడు గిన్నెలు ఎలా పోగయ్యాయో ఇప్పుడు అర్థమైంది కదా. ఆ పుస్తకాలు చెడ్డవని కాదు. వాటిలో కొన్ని చాలా గొప్పవి. కాకపోతే అవి మీ సాయంత్రాల కోసం రాసినవి కావు.

మీకు కావాల్సింది మొదలూ చివరా ఒకే చోట ఉన్న రెసిపీ. ఎక్కువలో ఎక్కువ ఎదురెదురు పేజీల్లో అయిపోవాలి. ఈ ఒక్క పరీక్షకే మీ పదకొండులో ఆరేడు పక్కకు వెళ్తాయని నా అనుమానం.

బొమ్మల గురించి ఎక్కువ చెప్పను. పైన పటారం, లోన లొటారం అన్న మాట వంట పుస్తకాలకు అతికినట్టు మరి దేనికీ అతకదు. పనికొచ్చే బొమ్మ ఒకటుంది, అది పూర్తయిన కేకుది కాదు. వెన్న, పంచదార గిలకొట్టాక ఎలా కనిపించాలి, బిస్కెట్ పిండి ముద్ద ఎంత పొడిగా ఉండాలి అని మధ్య దశలు చూపించే బొమ్మ. అలాంటివి ఉంటే సంతోషం. లేకపోతే మాటల్లో అయినా చెప్పాలి.

షాపులో నిలబడి మీరు అసలు చదవాల్సింది ఆ మాటలే. మనం పిండి "గరిట జారుడుగా" కలపమంటాం. ఆ రెండు మాటల్లో ఎన్ని చెంచాల నీళ్లో లేదు గానీ, అంతకంటే ఎక్కువే ఉంది. ఎప్పుడు ఆపాలో కంటికి తెలిసిపోతుంది. మంచి బేకింగ్ పుస్తకం అడుగడుగునా ఇలాంటి గుర్తులు చెబుతుంది. "180 డిగ్రీల్లో 35 నిమిషాలు" అని రాసి వదిలేసిన పుస్తకం మిమ్మల్ని గడియారానికి కట్టేస్తుంది. "30 నిమిషాలకు చూడటం మొదలుపెట్టండి. అంచులు టిన్నును వదలాలి, మధ్యలో వేలితో మెల్లగా నొక్కితే మళ్లీ పైకి లేవాలి, పుల్ల గుచ్చితే పచ్చిపిండి అంటకూడదు" అని రాసిన పుస్తకమైతే మీ ఓవెన్ ఎలాంటిదైనా పని జరుగుతుంది. ఏ రెండు ఓవెన్లూ ఒకేలా కాలవు. నల్లని టిన్ను మెరిసే టిన్ను కంటే తొందరగా మాడుస్తుంది. మీలాంటి చిన్న ఓవెన్లో కేకు వేడి కడ్డీలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పైభాగం ముందే రంగు తేలుతుంది. అమెరికాలో పేరున్న వంటగత్తె ఎడ్నా లూయిస్ కేకు అయ్యిందో లేదో చెవితో విని చెప్పేదట. కేకు ఉడుకుతున్నంతసేపూ లోపలి బుడగలు సన్నగా చిటపటలాడతాయి, అయ్యేకొద్దీ ఆ చప్పుడు తగ్గిపోతుంది. మీరూ నేనూ అంత దూరం వెళ్లక్కర్లేదు గానీ, పుస్తకం రాసినవాళ్లు ఓవెన్ ముందు నిలబడి రాశారా, టైపు చేసే బల్ల దగ్గరే కూర్చుని రాశారా అన్నది ఇలాంటి మాటల్లో బయటపడుతుంది.

ఇంకో చోట కూడా పట్టేయొచ్చు. "వెన్న, పంచదార బాగా గిలకొట్టండి" అన్న వాక్యం దాదాపు ప్రతి కేకులో ఉంటుంది. దాని పక్కన ఇంకేం రాశారో చూడండి. వెన్న ఎలా ఉండాలో చెప్పారా? వేలితో నొక్కితే గుంట పడాలి కానీ నూనెలా మెరవకూడదు, అంటే సుమారు 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. ఎంతసేపు గిలకొట్టాలో, చివరికి ఏ రంగుకు రావాలో చెప్పారా? పసుపు రంగు తగ్గి తెల్లబడాలి, దూదిలా తేలికపడాలి. ఇది చాదస్తం కాదు. పంచదార పలుకులు వెన్నలోకి గాలిని చిన్న చిన్న బుడగలుగా ఇరికిస్తాయి. తర్వాత వేసే బేకింగ్ పౌడర్ కొత్త బుడగల్ని పుట్టించదు, ఉన్నవాటినే ఉబ్బిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి వెన్నతో మొదలుపెడితే అసలు బుడగలే ఉండవు, ఇక ఉబ్బేదేముంది? అలాగే పిండి వేశాక "పొడి కనిపించకుండా పోగానే ఆపండి" అని రాసి ఉండాలి. అదేపనిగా కలిపితే మైదాలో ఉండే గ్లూటెన్ అనే జిగురు పదార్థం సాగి బిగుస్తుంది. రొట్టెకు అది కావాలి, కేకుకు వద్దు.

మీ ఇటుక కేకుకు ఈ రెండిట్లో ఏదో ఒకటి కారణం కావచ్చు. కానీ నా వేలు మూడోదాని వైపే చూపిస్తోంది. మీరు పిండిని కప్పుతో కొలిచి ఉంటారు.

కప్పు అన్నది నమ్మదగ్గ కొలత కాదు. మైదాను చెంచాతో మెల్లగా కప్పులోకి వేసి పైన చదును చేస్తే 120 గ్రాములు వస్తుంది. అదే కప్పును డబ్బాలో ముంచి నొక్కి తీస్తే 150 దాకా పోతుంది. మూడు కప్పుల కేకులో తేడా 90 గ్రాములు. దానికి ఇటుక రాక ఏమొస్తుంది? పైగా కప్పే ఒక్కో దేశంలో ఒక్కోటి. అమెరికా కప్పు 240 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ, ఆస్ట్రేలియా కప్పు 250. ఆస్ట్రేలియా టేబుల్‌స్పూను 20 మిల్లీలీటర్లు, మిగతా చోట్ల ఎక్కువగా 15. నిజానికి కప్పు వచ్చాక పరిస్థితి బాగుపడింది. అంతకుముందు పాత అమెరికా పుస్తకాల్లో "కోడిగుడ్డంత వెన్న" అని రాసేవారు. 1896లో ఫ్యానీ ఫార్మర్ తన బోస్టన్ వంట పాఠశాల పుస్తకంలో కప్పును, చెంచాను పైన చదును చేసి కొలవాలని పట్టుబట్టి అలవాటు చేసింది. అప్పటికి అది పెద్ద మెరుగుదలే. ఇప్పుడు చిన్న డిజిటల్ కాటా ఇంట్లో పెట్టుకోవడం కష్టమేమీ కాదు. కాబట్టి నా మాట సూటిగా చెబుతున్నాను. గ్రాముల్లో కొలతలు లేని బేకింగ్ పుస్తకాన్ని కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనకూడదు. ఇందులో ఇంకో సుఖముంది. కాటా మీద ఒకే గిన్నె పెట్టి, ఒక్కోటి వేసినప్పుడల్లా సున్నాకు తిప్పుకుంటూ పోతే కప్పులేవీ కడగక్కర్లేదు. ఏడు గిన్నెలు రెండుకు దిగుతాయి.

మీ దగ్గర ఇప్పటికే కప్పుల పుస్తకం ఉంటే పారేయకండి. అందులో ముందుమాట వెతకండి. "మా కప్పు మైదా ఇన్ని గ్రాములు" అని చాలామంది అక్కడ చెబుతారు. పెన్సిల్‌తో ప్రతి రెసిపీ పక్కన గ్రాములు రాసుకోండి. పంచదార కప్పు 200, వెన్న కప్పు 227 గ్రాములు, ఇవి పెద్దగా మారవు. అమెరికా పుస్తకాల్లో కనిపించే వెన్న "స్టిక్" అంటే 113 గ్రాములు.

తర్వాత పుస్తకం ఏ దేశంలో అచ్చయిందో చూడండి. ఇక్కడ నేనే బోల్తా పడ్డాను. ఒకసారి బ్రిటిష్ పుస్తకం చూసి మామూలు మైదాతో కేకు చేశాను. అన్నీ సరిగ్గా తూచాను, సరిగ్గా గిలకొట్టాను, వచ్చింది మాత్రం అట్టు. రెసిపీలో "సెల్ఫ్ రెయిజింగ్ ఫ్లోర్" అని ఉంది, నేను ఫ్లోర్ అన్న మాట ఒక్కటే చదివాను. అందులో బేకింగ్ పౌడర్ ముందే కలిపి ఉంటుంది. బ్రిటిష్ ఇళ్లలో అది లేని అల్మరా ఉండదు, అందుకే ఆ పుస్తకాల్లో విడిగా పౌడర్ ఊసే లేని కేకులు బోలెడు. అది దొరక్కపోతే 150 గ్రాముల మైదాకు రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ జల్లించి కలిపితే పని నడుస్తుంది. క్రీము విషయంలోనూ ఇదే తంటా. బ్రిటన్ డబుల్ క్రీములో కొవ్వు 48 శాతం దాకా ఉంటుంది, అమెరికా హెవీ క్రీముకు 36 శాతం ఉంటే చాలు. పల్చటి క్రీము తెచ్చి, ఎంత గిలకొట్టినా గట్టిపడలేదని బాధపడేవాళ్లు చాలామంది. అమెరికా పుస్తకంలో "కార్న్‌స్టార్చ్" అని ఉంటే అది మన కార్న్‌ఫ్లోరే. ఫారెన్‌హీట్ 350 అంటే దాదాపు 177 సెల్సియస్, 180 పెట్టుకోవచ్చు. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే మామూలు ఓవెన్‌కు చెప్పిన వేడిలోంచి 20 డిగ్రీలు తగ్గించాలి. ఈ తేడాలన్నీ పుస్తకం మొదట్లోనే వివరించి ఉంటే, ఆ రచయితకు పక్క దేశంలో కూడా పాఠకులున్నారన్న ఎరుక ఉందని అర్థం.

కావాల్సినవాటి జాబితాలో కామాలు గమనించండి. "కప్పు బాదం, తరిగినది" అంటే ముందు కొలిచి తర్వాత తరగాలి. "కప్పు తరిగిన బాదం" అంటే తరిగాక కొలవాలి. మంచి పుస్తకాల్లో ఈ తేడా ఊరికే రాదు, కావాలనే పెడతారు.

ఇక మీ వదిన మాట. ఆమె సగం నిజం చెప్పింది. గిలకొట్టిన తెల్లసొనను పిండిలో గాలి పోకుండా ఎలా కలపాలన్నది పది పేరాలు చదివినా అర్థం కాదు, అర నిమిషం వీడియో చూస్తే అర్థమవుతుంది. చేతి కదలికలకు వీడియోను మించింది లేదు. కానీ పనిచేసేటప్పుడు చేతులనిండా పిండి, ఫోను తెర ఆరిపోతుంది, ముందుకు వెనక్కు జరపాలి, మధ్యలో ప్రకటన. పుస్తకం మీ ముందు తెరిచి పడుంటుంది. అంతకంటే పెద్ద సౌకర్యం, దాని మీద రాసుకోవచ్చు. "మా ఓవెన్లో 28 నిమిషాలు చాలు", "పంచదార 20 గ్రాములు తగ్గించాను, బాగుంది" అని మార్జిన్లో రాసుకున్న పుస్తకం మూడేళ్లకు మీ సొంత పుస్తకమవుతుంది. వదినగారితో గొడవ పెట్టుకోకుండా, చేతి కదలికకు వీడియో, కొలతకు పుస్తకం అని ఒప్పందం చేసుకోండి.

ఈ పరీక్షలన్నీ నెగ్గిన పుస్తకం దొరికినా వెంటనే కొనొద్దు. గ్రంథాలయంలో ఉంటే తెచ్చుకోండి, లేదా ఎవరి దగ్గరైనా అరువు తీసుకోండి. మూడు రెసిపీలు చేయండి. ఒక ఉత్త కేకు, ఒక బిస్కెట్, ఒక కస్టర్డ్.

ఉత్త కేకు అంటున్నది చాక్లెట్, పండు, పూత ఏమీ లేని వెన్న కేకును. దాంట్లో తప్పు దాక్కోవడానికి చోటుండదు. దీని మూలం చాలా పాతది, చాలా సులువు. గుడ్లు, వెన్న, పంచదార, పిండి సమానమైన బరువులో. పౌండ్ కేకు అన్న పేరు ఒక్కోటి ఒక్కో పౌండు వేయడం వల్లే వచ్చింది. ఫ్రెంచివాళ్లు దీన్నే నాలుగు పావులు అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. చాలామంది ఇంటి వంటవాళ్లు ఈ రోజుకీ మూడు గుడ్లను పెంకుతో సహా తూచి, అంతే బరువు మిగతావి తీసుకుంటారు. గుడ్లు 170 గ్రాములు వస్తే అన్నీ 170. మామూలు మైదా అయితే దానికి రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. మీరు అరువు తెచ్చిన పుస్తకంలో ఉత్త కేకు ఈ లెక్కకు మరీ దూరంగా ఉంటే, ఎందుకలా ఉందో రచయిత చెప్పి ఉండాలి.

బిస్కెట్‌కు ఇంకా చిన్న లెక్క. బరువులో ఒక వంతు పంచదార, రెండు వంతుల వెన్న, మూడు వంతుల మైదా. 100, 200, 300 గ్రాములు. కలిపి, ముద్ద చేసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, కోసి కాల్చడమే. నోట్లో వేస్తే పొడిపొడిగా కరిగే షార్ట్‌బ్రెడ్ ఇదే. గుడ్డు లేదు, పౌడర్ లేదు. మీ పిల్లలకు ఇచ్చేసి మీరు కాఫీ తాగొచ్చు.

కస్టర్డ్ పెట్టమన్నది పుస్తకం నిజాయితీని తేల్చడానికి. ఉత్త గుడ్డు సొనలతో చిక్కబడే కస్టర్డ్ 80 డిగ్రీలు దాటిన కాసేపటికే చిక్కబడుతుంది, మరిగిస్తే విరిగిపోతుంది. కార్న్‌ఫ్లోర్ వేసింది మాత్రం బుడగలొచ్చేదాకా ఉడకాల్సిందే. అలా ఉడకకపోతే సొనలో ఉండే ఒక ఎంజైము చల్లారాక కార్న్‌ఫ్లోర్‌ను కరిగించి మళ్లీ నీళ్లలా చేసేస్తుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా, నియమాలు ఎదురెదురు. ఏది ఏదో చెప్పకుండా "చిక్కబడేదాకా వేడి చేయండి" అని రాసిన పుస్తకాన్ని నేనైతే ఇంటికి తేను. "గరిటె వెనక పూతలా అంటుకోవాలి, దాని మీద వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకూడదు" అన్న మాట కనిపిస్తే ఆ రచయితను నమ్మొచ్చు.

గుడ్డు తినని ఇంటిమనిషి సంగతి. గుడ్లున్న రెసిపీలో గుడ్లు తీసేసి వాటి బదులు ఇంకేదో పెట్టే ప్రయోగాలు మొదట్లో వద్దు. గుడ్డు ఒకేసారి పట్టు ఇస్తుంది, తడి ఇస్తుంది, పొంగిస్తుంది. ఈ మూడు పనులూ గుడ్డంత బాగా చేసే ఇంకో వస్తువు దొరకడం కష్టం. పుట్టుకతోనే గుడ్డు లేని రెసిపీలు వెతకండి. పైన చెప్పిన షార్ట్‌బ్రెడ్ ఒకటి. పండ్ల ముక్కల మీద వెన్న, పిండి, పంచదార నలిపి చల్లి కాల్చే క్రంబుల్ ఒకటి. మీరు రాసిన "వేడివేడి పండ్ల డెజర్ట్" కూడా అదే. కేకే కావాలంటే అమెరికా ఇళ్లలో "వాకీ కేకు" అని పిలిచేది ఉంది. దానికి గుడ్డు, వెన్న, పాలు ఏవీ అక్కర్లేదు. 180 గ్రాముల మైదా, 200 గ్రాముల పంచదార, మూడు టేబుల్‌స్పూన్ల కోకో, ఒక టీస్పూను వంట సోడా, అర టీస్పూను ఉప్పు కలపండి. అందులో 75 మిల్లీలీటర్ల నూనె, ఒక టేబుల్‌స్పూను వెనిగర్, ఒక టీస్పూను వెనిలా, 240 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఉండలు లేకుండా కలిపి, ఎనిమిది అంగుళాల చదరపు టిన్నులో పోసి, 180 డిగ్రీల్లో పెట్టండి. అరగంటకు చూడటం మొదలుపెట్టండి. వెనిగర్ తగలగానే సోడా పొంగడం మొదలవుతుంది కాబట్టి, కలిపాక ఫోనొచ్చిందని పక్కన పెట్టి వెళ్లకూడదు. ఒకే గిన్నె, ఒకే గరిటె. పుస్తకం కొనకముందే దీన్ని ఈ వారమే చేయండి.

మధ్యలో గుంటపడిన ఆ మొదటి కేకు గురించి రెండు ముక్కలు. కేకు లోపల పూర్తిగా ఉడక్కముందే బయటికి తీస్తే గుంట పడుతుంది. మధ్యభాగం గట్టిపడక ముందే తలుపు తెరిచి తెరిచి చూస్తే కూడా పడుతుంది. పొంగే పొడి ఎక్కువైనా పడుతుంది. బుడగలు ఉబ్బి ఉబ్బి పగిలిపోయి, నిలబెట్టే గోడ లేక కూలిపోతాయి. చిన్న ఓవెన్లలో ఇంకో దొంగ ఉంటాడు. మీట 180 చూపిస్తుంది, లోపల 160 ఉంటుంది. ఓవెన్ లోపల వేలాడదీసే చిన్న థర్మామీటరు ఒకటి తెచ్చుకోండి. పన్నెండో పుస్తకం కంటే అది ముందు. టిన్ను సైజు కూడా అప్పుడే సరిచూసుకోండి. ఎనిమిది అంగుళాల చదరపు టిన్ను, తొమ్మిది అంగుళాల గుండ్రటి టిన్ను దాదాపు ఒకే వైశాల్యం, 64 చదరపు అంగుళాలు. ఎనిమిది అంగుళాల గుండ్రటిదైతే 50 మాత్రమే. పుస్తకంలో ఎనిమిది అని ఉంది కదా అని చదరపు దాని బదులు గుండ్రటిది పెడితే పిండి మందం పెరిగి మధ్యలో ఉడకదు. టిన్నులో పిండి మూడింట రెండు వంతులకు మించకుండా చూసుకుంటే చాలావరకు ఇబ్బంది రాదు.

పేర్లు అడిగారు. అన్నీ ఇంగ్లిష్ పుస్తకాలే. పదిహేను చెబితే మీవారు నా మీద కేసు పెడతారు కాబట్టి అయిదు చెబుతాను. వీటన్నిటినీ కొనమని కాదు, అరువు తెచ్చి చూడమని.

మీ ఉత్తరం చదవగానే మొదట గుర్తొచ్చింది యోసీ ఆరెఫీ రాసిన "స్నాకింగ్ కేక్స్", 2020లో వచ్చింది. అన్నీ ఒకే పొర కేకులు, దాదాపు అన్నీ ఒకే గిన్నెలో చేతితో కలిపేసేవి. పేజీలు తిప్పి తిప్పి వెతకాల్సిన పని లేదు. పొద్దుపోయాక మొదలుపెట్టినా భోజనం అయ్యేసరికి కేకు ఉంటుంది. మీ పరిస్థితికి నేను ఒక్కటే ఎంచమంటే ఇదే ఎంచుతాను. లోపం ఏంటంటే ఇందులో కేకులు తప్ప ఇంకేం లేవు.

కస్టర్డ్‌లు, పుడ్డింగులు, పండ్ల డెజర్ట్‌లు కావాలంటే రిచర్డ్ సాక్స్ "క్లాసిక్ హోమ్ డెజర్ట్స్", 1994. లావుపాటి పుస్తకం. కేకు ఒక్కటే డెజర్ట్ కాదని తెలుసుకోవడానికి దీన్ని మించింది నేను చూడలేదు. పాత ఇళ్లలో చేసుకునేవి వెతికి వెతికి పట్టుకొచ్చాడు, ఒక్కోదాని వెనక కథ కూడా చెబుతాడు. రాత్రి పడుకునే ముందు చదవడానికి కూడా బాగుంటుంది. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకు ఇది ఒక మంచి సాకు.

మేరియన్ కనింగ్‌హామ్ 1984లో రాసిన "ద ఫ్యానీ ఫార్మర్ బేకింగ్ బుక్" పైన చెప్పిన గుర్తుల పరీక్షలో ఫస్టు క్లాసులో పాసవుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల పక్కన నిలబడి చెబుతున్నట్టు రాస్తుంది. అమెరికా పాత పద్ధతి కప్పులు మాత్రం భరించాలి. గ్రాములు లేనివి కొనొద్దన్న నా నియమానికి ఇది మినహాయింపు, అది కూడా మీ చేయి కాస్త తిరిగాకే.

గ్రాముల్లో నేర్చుకోవాలంటే మేరీ బెర్రీ "బేకింగ్ బైబిల్", 2009. అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి కలిపేసే పద్ధతి ఈమెకు ఇష్టం. వివరణ తక్కువ, మాటలు పొదుపు. కొందరికి ఆ పొడితనం నచ్చదు, నాకు నచ్చుతుంది. సెల్ఫ్ రెయిజింగ్ ఫ్లోర్ సంగతి ఇందులో ప్రతి రెండో పేజీలో ఎదురవుతుంది, నాలా అట్టు వేయకండి.

అయిదోది రోజ్ లెవీ బెరాన్‌బామ్ "ద కేక్ బైబిల్", 1988. దీన్ని వద్దని చెప్పడానికే ప్రస్తావిస్తున్నాను, ఎందుకంటే మీ పదకొండులో ఇది ఉండి ఉంటుందని నా ఊహ. ఆ రోజుల్లోనే గ్రాముల పట్టికలిచ్చిన పుస్తకం, కేకు ఎందుకు పొంగుతుందో, ఎందుకు కూలుతుందో ఇంత వివరంగా చెప్పినవాళ్లు తక్కువ. కానీ అది ఆఫీసు నుంచి వచ్చాక తెరిచేది కాదు. ఉంటే అల్మరాలో ఉంచుకోండి. ఏదైనా చెడిపోయినప్పుడు ఎందుకు చెడిందో వెతుక్కోవడానికి తీయండి.

మరి ఇప్పుడు ఆ పదకొండు. ఒక్కోదాంట్లో మీకు నిజంగా చేయాలనిపించిన రెసిపీలు ఎన్నో చూడండి. నోరూరినవి కాదు, మీ అల్మరాలో ఇప్పుడున్నవాటితో మంగళవారం సాయంత్రం చేయగలిగినవి. మూడు కంటే తక్కువ ఉన్న పుస్తకంలోంచి ఆ ఒకటీ రెండూ చేత్తో ఒక నోటు బుక్కులో ఎక్కించుకుని, పుస్తకాన్ని ఎవరికైనా ఇచ్చేయండి. వదినగారు తీసుకోకపోవచ్చు. నాలుగైదు మిగులుతాయి. ఆ జాగాలో కొత్తది పెడితే అది పన్నెండోది కాదు, అయిదోదో ఆరోదో అవుతుంది. గ్రంథాలయం నుంచి తెచ్చినవి ఎలాగూ లెక్కలోకి రావు. మీవారికి ఈ లెక్క చెప్పే పని మాత్రం వాకీ కేకు చల్లారాక, ఆయన రెండో ముక్క తింటున్నప్పుడు పెట్టుకోండి.